రంగు లేని మచ్చను నొక్కి చూడకండి

(కర్నూలులో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, హౌస్ సర్జన్లకు ఒక చర్మవ్యాధి నిపుణుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. భోజనం తర్వాత పెట్టిన ప్రసంగం, పైగా లైట్లు ఆర్పి బొమ్మలు చూపించే ప్రసంగం. కునుకు పడితే తప్పు మీది కాదు, బిర్యానీది. వెనక వరుసలో సర్దుకున్న హౌస్ సర్జన్లు మాత్రం కాస్త ముందుకు రండి. ప్రశ్నలన్నీ మీకే.

డెర్మోస్కోప్ అనగానే అందరికీ నల్లమచ్చే గుర్తొస్తుంది. పుట్టుమచ్చ మంచిదా, క్యాన్సరా అని తేల్చే సాధనం అని చదువుకున్నాం. దీని పుట్టుక చూస్తే తమాషాగా ఉంటుంది. 1920లో జర్మనీలో యోహాన్ సాఫియర్ అనే వైద్యుడు చర్మాన్ని ఇలా పెద్దది చేసి చూడటానికి డెర్మటోస్కోపీ అని పేరు పెట్టాడు. ఆయన చూసినవాటిలో చర్మంలోని కేశనాళికలున్నాయి, చర్మానికి వచ్చే క్షయ, సిఫిలిస్ ఉన్నాయి. అంటే తొలిరోజుల్లోనే ఎర్రమచ్చల మీద వాడారన్నమాట. 1950ల్లో అమెరికాలో లియన్ గోల్డ్‌మన్ దీన్ని పుట్టుమచ్చల వైపు తిప్పాడు. 1980ల చివర్లో చేత్తో పట్టుకునే స్కోపు వచ్చింది. తెల్లవాళ్ళ దేశాల్లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ భయం ఎక్కువ కాబట్టి ఇక శాస్త్రమంతా నల్లమచ్చల చుట్టూనే పెరిగింది. పిగ్మెంట్ నెట్‌వర్క్, ఏబీసీడీ మార్కులు, ఏడు పాయింట్ల పట్టిక, అన్నీ చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఉంటేనే పనికొచ్చే లెక్కలు. మచ్చలో ఆ రంగే లేకపోతే వాటిలో ఒక్కటీ నిలబడదు.

రంగు లేనివి అంటే ఇక్కడ నా ఉద్దేశం గులాబీవి, ఎర్రవి, చర్మం రంగులోనే ఉబ్బినవి, కొంచెం తెల్లబారినవి. మన ఓపీలో రోజూ వచ్చేవి ఎక్కువగా ఇవే. వీటి దగ్గర డెర్మోస్కోప్‌కు నేనిచ్చే పని ఒకటే. ఈ మనిషికి ఆయింట్‌మెంట్ రాసి పంపొచ్చా, లేక ముక్క తీసి పరీక్షకు పంపాలా అన్నది అది చెప్పాలి. జబ్బుకు పేరు దొరికితే సంతోషం. దొరక్కపోయినా ఈ ప్రశ్నకు జవాబు దొరికితే చాలు, స్కోపు డబ్బులు వచ్చేసినట్టే.

ముందు పరికరం సంగతి. సాధారణంగా పది రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. కానీ పెద్దది చేయడమే దాని గొప్ప అయితే భూతద్దం సరిపోయేది. మధ్యాహ్నం ఎండలో తుంగభద్ర ఒడ్డున నిలబడితే నీళ్ళ మీద తళుకే తప్ప అడుగున రాళ్ళు కనిపించవు. చర్మం మీదా అదే జరుగుతుంది. గాలి వక్రీభవన గుణకం 1.0, చర్మం పై పొరది దాదాపు 1.55. ఈ తేడా వల్ల వెలుతురులో కొంత భాగం పైపైనే వెనక్కి కొట్టేసి కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది. గాజుకూ చర్మానికీ మధ్య జెల్ గానీ నూనె గానీ స్పిరిట్ గానీ వేస్తే ఆ తేడా తగ్గి లోపలి పొర కనిపిస్తుంది. పోలరైజ్డ్ లైటు ఉన్న స్కోపైతే ఆ తళుకును ఫిల్టర్లతోనే కోసేస్తుంది, చర్మాన్ని తాకకుండానే చూడొచ్చు.

ఇక ఇవాళ్టి ప్రసంగంలో మీరు ఇంటికి తీసుకెళ్ళాల్సిన ముక్క. నొక్కకండి. రంగు లేని మచ్చలో మనం చదవాల్సింది రక్తనాళాలను. గోరు మీద నొక్కితే తెల్లబడుతుంది, వదిలితే ఎర్రబడుతుంది, క్యాపిలరీ రీఫిల్ అని రోజూ క్యాజువాలిటీలో చూస్తూనే ఉన్నారు. స్కోపు గాజును మచ్చ మీద అదిమితే జరిగేదీ అదే. నాళాల్లో రక్తం పక్కకు పోతుంది, మీకు పాలిపోయిన గులాబీ రంగు తప్ప ఏమీ కనిపించదు. "ఏమీ లేదు సార్, అంతా ఖాళీగా ఉంది" అంటారు పీజీలు. ఖాళీగా లేదు నాయనా, నువ్వే ఖాళీ చేశావు. కొన్ని స్కోపులకు సొంత బరువే చాలు, చేయి వదిలేస్తే నాళాలు మాయం. అందుకని చిటికెన వేలు రోగి చర్మం మీద ఆనించి, స్కోపు బరువంతా ఆ వేలి మీద మోయండి.

స్పిరిట్ వేస్తే పారిపోతుంది, అప్పుడు గాజును దగ్గరికి నొక్కక తప్పదు. అందుకే రంగు లేని మచ్చలకు స్కానింగ్ రూములో వాడే జెల్ మంచిది. చిక్కగా ఉంటుంది, బొట్టంత వేస్తే గాజుకూ చర్మానికీ మధ్య మెత్తగా నిలబడుతుంది. జెల్‌లో బుడగలు రాకుండా చూసుకోండి, తొలిసారి చూసేవాళ్ళు బుడగను చూసి ఏదో తిత్తి అనుకుంటారు.

జెల్ వేసే ముందు ఒకసారి పొడిగా చూడండి. తడి చేస్తే పొట్టు మాయమవుతుంది. పొట్టు తెల్లగా ఉందా, పసుపుగా ఉందా, అంచున ఉందా, మధ్యలో ఉందా, ఇదంతా పొడి చర్మం మీదే తెలుస్తుంది. పొడిగా పొట్టు, తడిపి నాళాలు. ఆ తర్వాత, అన్నీ అయ్యాక, కావాలని ఒక్కసారి నొక్కి కూడా చూడండి. ఎరుపు పోతే అది నాళాల్లో ఉన్న రక్తం. పోకపోతే నాళం దాటి బయటికి వచ్చిన రక్తం, పర్‌ప్యురా. ఎరుపు పోయి కింద నారింజ రంగు, బెల్లం పాకం లాంటి పసుపు తేలితే గ్రాన్యులోమా, అంటే వాపు కణాలు గుమిగూడిన ముద్ద, ఉందేమోనని అనుమానించాలి. నేను వద్దంటున్నది తెలియక నొక్కడాన్ని.

ఇప్పుడు చూసే వరుస. రోజెన్‌డాల్, కిట్లర్ తదితరులు 2014లో రంగు లేని మచ్చల కోసం ఒక పద్ధతి ప్రచురించారు. దాని సారం నాకు నచ్చుతుంది, ఎందుకంటే అందులో నాళాలు చివర వస్తాయి. ముందు పుండు ఉందా. తర్వాత తెల్లటి ఆనవాళ్ళు ఉన్నాయా. ఆ తర్వాతే నాళాలు. మనవాళ్ళు స్కోపు చేతికి రాగానే నాళాల ఆకారాలు బట్టీపట్టి, ఎదురుగా ఉన్న పుండును వదిలేస్తారు.

దెబ్బ తగల్లేదు, గోకలేదు, అయినా మచ్చ మీద చిన్న పుండు ఉందంటే ముక్క తీయాల్సిందే అని ఆ పద్ధతి చెబుతుంది. మన దగ్గర దీనికి ఒక చిక్కుంది. ఇక్కడికి వచ్చే మచ్చల్లో కన్నెపిల్లలా ముట్టుకోనిది ఒక్కటీ ఉండదు. పసరు పూసి ఉంటారు, సున్నం పెట్టి ఉంటారు, వెంట్రుక కట్టి ఉంటారు, బ్లేడుతో గీకి ఉంటారు. కాబట్టి పుండు కనిపించగానే "ఏం పూసినారమ్మా?" అని అడగండి. కోపంగా అడిగితే చెప్పరు. వాళ్ళు చెప్పింది విన్నాక కూడా అనుమానం ఉంటే రెండు వారాలు ఏమీ పూయకుండా ఉంచి మళ్ళీ చూడండి, మానకపోతే ముక్క తీయండి. ముక్కు పక్కన, కంటి కింద ఆరు నెలలుగా పొక్కు కట్టి ఊడి మళ్ళీ కడుతోంది అంటే మాత్రం రెండు వారాలు కూడా వద్దు.

తెల్లటి ఆనవాళ్ళు రెండు రకాలు. పోలరైజ్డ్ లైటులో మాత్రమే మెరిసే తెల్లటి గీతలు ఒకటి. స్కోపును మచ్చ మీదే అటూ ఇటూ తిప్పితే కొన్ని గీతలు మాయమై కొన్ని తేలతాయి. లైటు మార్చే బటన్ నొక్కితే మొత్తం పోతాయి. ఇవి కింద చర్మానికి బిగువునిచ్చే నార, కొల్లాజెన్, చెదిరిందని చెబుతాయి, బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఉంటాయి, మెలనోమాలో ఉంటాయి, డెర్మటోఫైబ్రోమా అనే హాని లేని గడ్డలో, పాత గాయాల మచ్చల్లో కూడా ఉంటాయి. రెండోది కెరటిన్, చర్మం పై పొరను గట్టిపరిచే పదార్థం. ఉబ్బిన గడ్డ మీద వెంట్రుక కుదురు చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గుండ్రాలు, ఆకారం లేని తెల్ల పట్టీలు, మధ్యలో గట్టి కెరటిన్ ముద్ద, అందులో రక్తపు చుక్కలు. ఇవి కనిపిస్తే స్క్వామస్ సెల్ కార్సినోమా గురించి ఆలోచించాలి. మన దేశంలో తరచుగా కనిపించే చర్మ క్యాన్సర్లలో ఇదొకటి. పాత కాలిన మచ్చ, ఏళ్ళ తరబడి మానని కాలి పుండు, వీటి మీద వస్తుంది. చిన్నప్పుడు వాత పెట్టిన మచ్చ, కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదం కింద పుండు ఉన్నవాళ్ళను చూసేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి. పుండు అంచు ఉబ్బి, కాలీఫ్లవర్‌లా పెరిగేదాకా ఆగక్కర్లేదు.

ఇక నాళాలు. ఇక్కడ కాసేపు నిలబడదాం, అసలు విషయం ఇక్కడే ఉంది.

చుక్కలు. ఎర్ర చుక్కలు మచ్చ అంతటా సమానంగా, ఒకే సైజులో పరుచుకుని, పైన తెల్లటి పొట్టు ఉంటే సోరియాసిస్. పొట్టు గీకితే చుక్కచుక్కగా రక్తం వస్తుందని ఆస్పిట్జ్ గుర్తు గురించి చదివారు కదా, ఆ చుక్కలే ఇవి, రక్తం రాకుండా చూస్తున్నాం. అవే చుక్కలు అక్కడక్కడా గుంపులుగా ఉండి, పొట్టు పసుపుగా, ఎండిన జిగురులా ఉంటే ఎగ్జిమా. చుక్కలు పెద్దవై, ఒక్కోటీ దారపు ఉండలా చుట్టుకుని, గుంపులుగా ఒకచోట చేరితే బోవెన్స్ వ్యాధి. అది చర్మం పై పొరలోనే ఉన్న క్యాన్సర్. సోరియాసిస్ మచ్చ ఒంటి మీద నాలుగైదు చోట్ల ఉంటుంది. బోవెన్స్ చాలావరకు ఒక్కటే ఉంటుంది, ఎన్ని ఆయింట్‌మెంట్లు రాసినా కదలదు. ఒక్కటే మచ్చ, ఏడాదిగా తగ్గని "సోరియాసిస్" కనిపిస్తే స్కోపు పెట్టండి.

చెట్టుకొమ్మల్లాంటివి. మందపాటి ఎర్రటి మొదలు, అందులోంచి సన్న కొమ్మలు, స్పష్టంగా, దృష్టి కుదిర్చి ఫోటో తీసినట్టు. బేసల్ సెల్ కార్సినోమా. మన చర్మంలో ఈ క్యాన్సర్ చాలావరకు నల్లగానే ఉంటుంది, నీలి ముద్దలు, ఆకుల్లాంటి గోధుమ మరకలు కూడా కనిపిస్తాయి, అప్పుడు పని సులువు. రంగు లేనిది వస్తే ఈ కొమ్మలే ఆధారం. ముఖం మీద దీన్ని పోలినది సెబేషియస్ హైపర్‌ప్లేసియా, నూనె గ్రంథి ఉబ్బడం. దాంట్లో నాళాలు అంచు నుంచి లోపలికి వచ్చి మధ్యకు రాకుండానే ఆగిపోతాయి, కిరీటంలా. క్యాన్సర్ నాళం మధ్యను దాటిపోతుంది. పిల్లల్లో వైరస్ వల్ల వచ్చే మొలస్కమ్ పొక్కుల్లోనూ ఈ కిరీటం ఉంటుంది, కానీ అక్కడ మధ్యలో తెల్లటి ముద్ద చూడగానే తెలిసిపోతుంది, స్కోపు అవసరం కూడా రాదు.

కామాల్లా పొట్టిగా, మందంగా, వంగి ఉన్నవి మామూలు ఉబ్బిన పుట్టుమచ్చలో. హెయిర్‌పిన్‌లా వెనక్కి తిరిగినవి వయసుతో వచ్చే హాని లేని సెబరిక్ కెరటోసిస్‌లో, కెరటిన్ చేసే ఇతర గడ్డల్లోనూ. ఎర్రటి చిన్న మడుగులు, ఒకదాన్నుంచి ఒకటి విడిగా ఉంటే యాంజియోమా, రక్తనాళాల హాని లేని గడ్డ. కామాలు, మడుగులు మాత్రమే ఉంటే చూడగానే వదిలేయొచ్చు.

వదలకూడనిది కలగాపులగం. ఒకే గడ్డలో ఒకచోట చుక్కలు, ఇంకోచోట వంకర గీతలు, మరోచోట హెయిర్‌పిన్‌లు, వాటి వెనక పాలు కలిపినట్టున్న గులాబీ రంగు. ఇలాంటిది కనిపిస్తే మెలనోమా కాదని రుజువయ్యేవరకు మెలనోమాయే అనుకోండి. మెలనోమాల్లో 2 నుంచి 8 శాతం దాకా రంగు లేనివి అని లెక్కలు చెబుతాయి. ఏబీసీడీ వీటికి పనికిరాదు, ఎందుకంటే ఇవి గుండ్రంగా, ఒకే రంగులో, అందంగా ఉండొచ్చు. వీటికి ఈఎఫ్‌జీ అని ఇంకో గుర్తు ఉంది: ఉబ్బు, గట్టితనం, పెరుగుదల. ఈ మూడూ ఉన్న గులాబీ గడ్డకు స్కోపులో ఏం కనిపించినా, ఏం కనిపించకపోయినా, ముక్క తీయడమే.

ఈ బొమ్మ చూడండి. ఉల్లి మార్కెట్లో హమాలీ పని చేసిన పెద్దాయన మడమ ఇది. అరవై దాటిన మనిషి. మడమ పక్కన రేగుపండంత గడ్డ, పచ్చి మాంసంలా, చెప్పు రాసుకుంటే రక్తం. "ముల్లు దిగిన కాడ లేసింది సార్. రెండు తూర్లు కాల్చినారు, మళ్ళా వస్తాంది" అన్నాడు. కాల్చినచోట పైయోజెనిక్ గ్రాన్యులోమా, అంటే రక్తనాళాలు పెరిగి వచ్చే హాని లేని గడ్డ, అని రాసి పంపారు. ముక్క పరీక్షకు పంపలేదు. చూడటానికి నిజంగా అలాగే ఉంది: మధ్యలో ఎరుపు, చుట్టూ తెల్లటి పొట్టు కాలర్, పుస్తకంలో బొమ్మలా. ఇప్పుడు జెల్ వేసి, పైన ఆనించీ ఆనించనట్టు పెట్టి తీసిన బొమ్మ. కాలర్ అంతటా లేదు, ఎడమ వైపు తెగిపోయింది. మధ్యలో ఎరుపు ఒకే రకంగా లేదు, పాలు విరిగినట్టు గులాబీ. ఇక్కడ చుక్కలు, ఇక్కడ వంకర గీతలు. ఇంకా కిందికి రండి, గడ్డలో కాదు, గడ్డ బయట, గడియారంలో ఏడు అంకె ఉండే చోట మామూలు చర్మం మీద చూడండి. బియ్యపు గింజంత గోధుమ రంగు మరక. అరికాలి చర్మంలో గట్లూ చాళ్ళూ ఉంటాయి కదా, ఆ రంగు చాళ్ళలో కాకుండా గట్ల మీద పరుచుకుని ఉంది. అరికాలి మెలనోమా రాసే రాత అది. మామూలు కంటికి మురికిలా కనిపిస్తుంది, స్పిరిట్‌తో తుడిస్తే పోదు. గజ్జల్లో చెయ్యి పెట్టి చూస్తే గడ్డ తగిలింది. ముక్క తీశాం, మెలనోమా అని వచ్చింది, క్యాన్సర్ సర్జన్ దగ్గరికి పంపాం.

మనలాంటి చర్మం ఉన్నవాళ్ళకు మెలనోమా ఎండ తగిలే వీపు మీద కంటే అరికాల్లో, గోరు కింద ఎక్కువ వస్తుంది. పాటగాడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది, మొదట ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు, 1981లో ముప్పై ఆరేళ్ళకే పోయాడు. మనకు ఫుట్‌బాల్ బదులు ముల్లు. ముల్లు నిజంగానే దిగి ఉంటుంది, చేలో నడిచే ఏ కాలికి దిగదు చెప్పండి. అందుకే ఆ కథ వినగానే మనం నమ్మేస్తాం. నా మాటగా ఒక రూలు పెట్టుకోండి: కాల్చిన, కోసిన ప్రతి గడ్డలోంచీ ఒక ముక్క ఫార్మలిన్ సీసాలో పడాలి. పైయోజెనిక్ గ్రాన్యులోమాను స్కోపుతో అనుమానించవచ్చు గానీ, స్కోపుతో మెలనోమాను పూర్తిగా కొట్టిపారేయలేం. ఈ విషయంలో ఎంత అనుభవం ఉన్నవాళ్ళైనా ఇంతే.

ముక్క తీసేటప్పుడు స్కోపు ఇంకో సాయం చేస్తుంది. మెలనోమా అనుమానమైతే చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మంచి చర్మంతో మొత్తం తీయడం మంచిది. అరికాల్లో పెద్ద గడ్డైతే కుదరదు, అప్పుడు ఏ భాగం ఎక్కువ కలగాపులగంగా ఉందో స్కోపులో చూసి, పెన్నుతో గుర్తు పెట్టి అక్కడ తీయండి. పాథాలజిస్టుకు రాసే కాగితంలో "పుండు, కారణం?" అని ఒక్క ముక్క రాసి పంపకండి. స్కోపులో ఏం చూశారో రెండు లైన్లు రాయండి. వాళ్ళకూ కళ్ళు కట్టేసినట్టు ఉండదు.

ఇప్పటిదాకా చూపించిన పుస్తకాల బొమ్మల్లో చాలావరకు తెల్ల చర్మానివి. మన చర్మం మీద సంగతి వేరు, ఇది సూటిగా చెప్పుకోవాలి. పై పొరలో మెలనిన్ ఎక్కువ ఉంటే దాని కింద నాళాలు మసకేస్తాయి. పుస్తకంలో పండు మిరపకాయలా మెరిసే ఎర్రచుక్క మన ఆలూరు రైతు మోచేతి మీద ముదురు ఊదాగా, కొన్నిసార్లు కనిపించకుండా ఉంటుంది. కనిపించలేదంటే లేదని కాదు. కాబట్టి మన దగ్గర పొట్టు, వెంట్రుక కుదుళ్ళు, చెమట రంధ్రాల తెల్లచుక్కలు, వీటికి బరువు ఎక్కువ ఇవ్వాలి. సోరియాసిస్ అనుకుంటే మందపాటి పొట్టును కొంచెం నూనెతో నానబెట్టి తీసి, కింద చూడండి. దురద పెట్టే ఊదారంగు పొక్కుల జబ్బు లైకెన్ ప్లానస్‌లో విక్‌హామ్ గీతలు తెల్లగా, నీలంగా వల అల్లినట్టు ఉంటాయి, అవి మన చర్మం మీద బాగానే కనిపిస్తాయి, తగ్గే దశలో బూడిద చుక్కలు మిగులుతాయి. పిటిరియాసిస్ రోజియాలో పొట్టు అంచున కాలర్‌లా ఉంటుంది.

స్టీరాయిడ్ క్రీముల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. తామరకు మెడికల్ షాపులో ఇచ్చే మూడు మందులు కలిపిన ట్యూబు మన జిల్లాల్లో ఇంటింటికీ ఉంది. ముఖం తెల్లబడాలని పూసుకునే ట్యూబు ఇంకొకటి. ఏడాది పూశాక వస్తారు. ముఖం మీద స్కోపు పెడితే పొడవాటి ఎర్ర నాళాలు ఒకదానితో ఒకటి ముడిపడి, చర్మం పలచబడి, అక్కడక్కడా సన్న వెంట్రుకలు మొలిచి కనిపిస్తాయి. అమ్మాయి అద్దంలో చూసుకునేది ఎరుపే, మనం చూసేది ట్యూబు చరిత్ర. ఫోనులో ఆ బొమ్మ తీసి ఆ పిల్లకే చూపించండి. పది నిమిషాల ఉపన్యాసం కంటే బాగా పనిచేస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి. మైకు అటు ఇవ్వండి బాబూ.

ప్రశ్న: సార్, లేత రంగు మచ్చ, కుష్ఠు అనుమానం. స్కోపుతో తేలుతుందా?

తేలదు. కుష్ఠు దగ్గర మీ మొదటి సాధనం దూది, రెండోది మీ వేళ్ళు. స్పర్శ చూడండి, మోచేతి దగ్గర నరం, మెడ పక్క నరం తడమండి. 2005 డిసెంబరు నాటికి మన దేశం కుష్ఠును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్టు లెక్క, అంటే పదివేల మందికి ఒక్కరికంటే తక్కువ అని అర్థం. రోగులు లేరని కాదు, ఇప్పటికీ వస్తున్నారు. స్కోపులో ఏం కనిపిస్తుందంటే, ఆ మచ్చలో వెంట్రుకలు తక్కువ, చెమట రంధ్రాల తెల్లచుక్కలు తక్కువ, కొన్నిసార్లు నారింజ పసుపు మరకలు. పక్కనున్న మంచి చర్మంతో పోల్చి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఆ నారింజ రంగు చర్మ క్షయలోనూ, సార్కాయిడోసిస్‌లోనూ ఉంటుంది. లోపల గ్రాన్యులోమా ఉందనే చెబుతుంది, ఎవరిదో చెప్పదు. బొల్లి అయితే వేరు, అక్కడ రంగు పూర్తిగా పోయి తళతళ తెల్లగా ఉంటుంది, వెంట్రుక కుదురు చుట్టూ కాస్త రంగు మిగలొచ్చు.

ప్రశ్న: మా పీహెచ్‌సీలో స్కోపు లేదు సార్. ఫోనుకు తగిలించే లెన్స్ చాలా?

ఉన్నదాంతో మొదలుపెట్టండి. క్లిప్‌తో తగిలించే మ్యాక్రో లెన్స్ పెద్దది చేసి చూపిస్తుంది, తళుకును మాత్రం పూర్తిగా తీసేయలేదు. జెల్ వేసి, పైన గాజు స్లైడు మెల్లగా ఆనించి తీస్తే నాళాలు కొంతవరకు వస్తాయి. పోలరైజ్డ్ స్కోపు మాత్రం వేరే ప్రపంచం, ముగ్గురు నలుగురు కలిసి కొనుక్కున్నా తప్పులేదు. ఎవరికైనా చూపించడానికి ఫోటో పంపేటప్పుడు రెండు పంపండి: ఒకటి దూరం నుంచి, మచ్చ ఒంట్లో ఎక్కడుందో తెలిసేలా, పక్కన స్కేలు పెట్టి. రెండోది దగ్గర నుంచి. రోగిని అడిగి తీయండి, ముఖం అక్కర్లేని చోట ముఖం వద్దు. ఇంకో మాట, ఒక రోగి నుంచి ఇంకో రోగికి వెళ్ళేముందు గాజును స్పిరిట్ దూదితో తుడవండి. గజ్జి ఉన్నవాళ్ళకు, పుండు ఉన్నవాళ్ళకు వంటింట్లో వాడే పలచటి ప్లాస్టిక్ కవరు గాజు మీద చుట్టండి, చూశాక పారేయండి.

ప్రశ్న (ఒక వైద్యురాలు): ముక్క తీస్తామంటే ఒప్పుకోరు సార్. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందంటారు. సంతకం పెట్టకుండా లేచిపోతారు.

మీరు చెప్పింది నిజం మేడమ్, ఇది రోజూ ఉండేదే. నేను బయాప్సీ అనే మాట మొదట వాడను. గడ్డ మీద ఫోను పెట్టి, స్క్రీన్ మీద పెద్దది చేసి రోగికీ, వెంట వచ్చిన కొడుక్కో కోడలికో చూపిస్తాను. "చూడు పెద్దాయనా, ఈ గీతలన్నీ ఒక్కోటి ఒక్కో రకంగా ఉండాయి. మామూలు గడ్డలో ఇట్లుండవు. లోపల ఏముందో తెలిస్తే గానీ మందు రాయలేను" అంటాను. చాలామంది ఒప్పుకుంటారు, కళ్ళతో చూశారు కాబట్టి. పాకుతుందేమోనన్న భయాన్ని వెక్కిరించకండి, ఎవరో ఒకరికి ముక్క తీసిన కొన్నాళ్ళకు జబ్బు ముదిరి ఉంటుంది, వాళ్ళు చూసింది అదే. చర్మం మీద గడ్డకు ముక్క తీయడం వల్ల జబ్బు పాకదని, ఆలస్యం వల్ల పాకుతుందని చెప్పండి. అప్పటికీ వద్దంటే ఫోన్ నంబరు రాసుకోండి, మీ ఆశ కార్యకర్తకు చెప్పండి, వారంలో మళ్ళీ పిలిపించండి. గులాబీ గడ్డ విషయంలో "మూడు నెలల తర్వాత రా" అనే మాట మాత్రం కాగితం మీద రాయొద్దు. నల్లటి చదును మచ్చను ఫోటో తీసి మూడు నెలలు ఆగొచ్చు. ఉబ్బి పెరుగుతున్న గడ్డను ఆగమనకూడదు.

టీ వచ్చినట్టుంది. స్కోపు, జెల్ ఈ టేబుల్ మీదే ఉంటాయి. నలభై దాటినవాళ్ళు చొక్కా చేతులు పైకి మడిచి చూసుకోండి, చాలామందికి ఎక్కడో ఒక చిన్న చెర్రీ యాంజియోమా ఉంటుంది. దాని మీద మొదట మెల్లగా ఆనించండి, మడుగులు చూడండి. తర్వాత గట్టిగా అదమండి, ఏమవుతుందో మీరే చూస్తారు.